గజ ఈతగాడు ఎప్పుడు రావాలి?

కోనసీమలో పుట్టిన మనిషికి నీళ్లు కొత్తవి కావు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ట అని రెండుగా చీలుతుంది. వశిష్టలోంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలూ, సముద్రమూ కలిసి చుట్టూ గిరి గీసిన నేల ఇది. అమలాపురం వెళ్లినా, రాజోలు వెళ్లినా, కొత్తపేట వెళ్లినా ఏదో ఒక పాయో, కాలవో, డ్రెయినో దాటకుండా వెళ్లలేం. ఇటువంటి చోట మనుషులు నీళ్లలో మునిగి చనిపోవటం గురించి నీతిచర్చ చెయ్యటం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. ఏరున్నచోట మునిగేవాళ్లుంటారు, ఇందులో ఆలోచించటానికేముంది అనవచ్చు. సరిగ్గా ఆ మాటనే పరీక్షించాలని ఈ వ్యాసం ఉద్దేశం.

2025 మే 26న ముమ్మిడివరం మండలం కమిని లంక దగ్గర గౌతమిలో స్నానానికి దిగిన కుర్రవాళ్లలో ఎనిమిదిమంది మునిగిపోయారు. శుభకార్యానికని వచ్చినవాళ్లు, ఎండవేళ కాసేపు నీళ్లలో ఆడుకుందామని దిగారు. ఆ తరువాత జరగవలసినవన్నీ జరిగాయి. అధికారులు వచ్చారు, పడవలు వచ్చాయి, గాలింపు సాగింది. సంతాపాలు వెలువడ్డాయి.

ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా అందులో తప్పకుండా కనిపించే ఒక మాట వుంది: గజ ఈతగాళ్లు. ఈ గజ ఈతగాడెవరు? అతనికి ఆఫీసు లేదు, యూనిఫారం లేదు, చాలాచోట్ల జీతమూ లేదు. ఏటి ఒడ్డున వల వేసుకునో, పడవ నడుపుకునో బతికే మనిషి. ఏ మలుపులో సుడి వుంటుందో, ఏ లంక అంచున ఇసక ఒక్కసారిగా తెగి నిలువులోతు వస్తుందో, పోటు ఎప్పుడు ఎక్కుతుందో, పాటు ఎప్పుడు లాగుతుందో అతనికి తెలుసు. మనిషి మునిగాడని తెలియగానే పోలీసులూ, రెవిన్యూవారూ అతనికి కబురు చేస్తారు. అతను వస్తాడు. చాలాసార్లు శవాన్ని తీసుకొస్తాడు.

మనం అడగవలసిన ప్రశ్న చిన్నది. ఈ మనిషి ఒడ్డున ముందే ఎందుకు లేడు? ప్రాణమున్నప్పుడు అక్కరలేని అతని విద్య, ప్రాణం పోయాక ఎందుకు అక్కరకొచ్చింది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవటం తెలివితక్కువ అని మన సామెత చెబుతుంది. కాని ఏటేటా చేతులు కాలుతుంటే, ఏటేటా ఆకులు కాలిన తరువాతే తెస్తుంటే, దాన్ని తెలివితక్కువ అనటం చాలదు. దాన్ని ఒక పద్ధతి అనాలి. పద్ధతి అయినప్పుడు దానికి బాధ్యులుండాలి.

*

నీళ్లలో చనిపోయినవారి కాగితాలలో ఒక మాట వుంటుంది: ప్రమాదవశాత్తు. పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడు 174వ సెక్షను కిందా, 2024 జూలై నుంచి నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను కిందా పోలీసులు విచారణ జరిపి, ఇది హత్య కాదు, ఆత్మహత్య కాదు అని తేల్చుకున్నాక మిగిలేది ఈ మాటే. చట్టానికి అది చాలు. నేరస్థుడు లేడని తేలితే ఫైలు మూతపడుతుంది. కాని నేరస్థుడు లేకపోవటమూ, బాధ్యుడు లేకపోవటమూ ఒకటేనా?

ఒక మనిషి ఒక్కసారి కాలుజారి పడితే అది ప్రమాదం. అదే మెట్టుమీద ఏటా పదిమంది జారిపడుతుంటే తప్పు కాళ్లది కాదు, మెట్టుది. ఆ మెట్టు అలాగే వుందని తెలిసి వూరుకున్నవారిది. ప్రమాదం అనే మాటలో అనుకోనిది అనే అర్థం వుంది. వేసవి సెలవుల్లో కుర్రవాళ్లు ఏట్లో దిగుతారని అనుకోనివారెవరు? కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానాలుంటాయని తెలియనివారెవరు? భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేది తీర్థానికి వేలమంది వస్తారనీ, వచ్చినవారు సాగరసంగమంలో మునక వెయ్యకుండా వెళ్లరనీ తెలియనివారెవరు? రోజూ, నెలా, స్థలమూ ముందే తెలిసినదాన్ని అనుకోనిదనటం భాషకు చేసే అన్యాయం.

నీటి అపాయాన్ని కొలవటం ప్రభుత్వానికి చేతకాదా అంటే అదీ కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ అవుతాయి. లంకలవారు సామాన్లు సర్దుకుంటారు, అధికారులు గట్లమీద కాపలా వుంటారు. అడుగుల లెక్కన అపాయాన్ని కొలిచి, అంకెవేసి, చాటింపు వేసే ఏర్పాటు ఇది. మంచి ఏర్పాటే. అయితే గోదావరి సన్నబడి, ఇసకతిన్నెలు బయటపడి, పసిపిల్లవాడిలాగా అమాయకంగా కనిపించే మే నెలలో ఎన్నో అంకె హెచ్చరిక వుంది? ఏదీ లేదు. కాని కుర్రవాళ్లు మునిగేది ఎక్కువగా అప్పుడే. వరదలో ఏట్లోకి దిగే సాహసం ఎవరూ చెయ్యరు. ప్రశాంతంగా కనిపించే నీరే మనిషిని పిలుస్తుంది. మోకాటిలోతని నడిచినవాడికి నాలుగడుగుల తరువాత నేల అందదు. ఆ గొయ్యి ఏరే తవ్వుకున్నదైనా కావచ్చు, ఇసక కోసం మనుషులు తవ్వి వదిలినదైనా కావచ్చు. పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

గట్టు తెగితే పంట పోతుంది, ఆస్తి పోతుంది. కనక కొలత వచ్చింది. రేవులో కుర్రవాడు పోతే ఒక ఇంటికే నష్టం. కనక కొలత రాలేదు. ఈ మాట కటువుగా వుంటే వుండవచ్చు గాని, ఇంతకన్నా మంచి కారణం ఎవరైనా చెప్పగలిగితే వినటానికి సిద్ధంగా వున్నాం.

*

ఇక్కడ ఒక జవాబు వస్తుంది. బోర్డు పెట్టాం కదా! "ఇచ్చట స్నానము చేయరాదు, లోతు ఎక్కువ." బోర్డు వుండగా దిగినవాడి ఖర్మ.

బోర్డు అనేది విచిత్రమైన వస్తువు. అది ఎవరితో మాట్లాడుతుంది? చూడటానికి ఏట్లో దిగబోయేవాడితో మాట్లాడుతున్నట్టుంటుంది. నిజానికి అది రేపు రాబోయే విచారణాధికారితో మాట్లాడుతోంది. "అయ్యా, మేము చెప్పాము" అంటోంది. మనిషిని కాపాడటానికి పెట్టిన బోర్డు ఎక్కడ ఎంత లోతో చెబుతుంది, ఎక్కడ దిగవచ్చో చూపిస్తుంది, పోటు ఏవేళ వస్తుందో తెలియజేస్తుంది. ఆఫీసును కాపాడటానికి పెట్టిన బోర్డు ఒక్క మాటే అంటుంది: దిగరాదు.

దిగరాదన్నది ఎవరికి సాధ్యం? ఇంట్లో స్నానాలగది వున్నవాడికి సాధ్యం. ఏరు కోనసీమలో వినోదస్థలం మాత్రమే కాదు. అది కొందరికి స్నానాలగది, కొందరికి బట్టలుతుక్కునే చోటు, పశువులను కడిగే చోటు, వలవేసే పొలం, లంకలవారికి రహదారి, భక్తులకు తీర్థం. అన్ని పనులకూ ఒకే నీరు. అందులో దిగవద్దనటం రోడ్డుమీద నడవవద్దనటం వంటిది.

2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో నాటుపడవ బోల్తాపడింది. కొట్టుకుపోయినవారిలో బడినుంచి ఇళ్లకు వెళ్తున్న ఆడపిల్లలున్నారు. ఆ పిల్లలు ఏ బోర్డును ధిక్కరించారు? వాళ్లు చేసిన సాహసమల్లా చదువుకోవటానికి వెళ్లటం. మునిగినవాడిదే తప్పు అని తీర్పుచెప్పే ప్రతివారూ ముందు ఈ పిల్లలకు జవాబు చెప్పి, తరువాత కుర్రవాళ్ల సంగతి ఎత్తుకోవాలి.

*

అయితే ఎదుటిపక్షంలో తేలిగ్గా కొట్టిపారెయ్యలేని వాదం ఒకటి వుంది. దాన్ని న్యాయంగా వినాలి.

జాన్ స్టువర్ట్ మిల్ స్వేచ్ఛను గురించి రాసిన గ్రంథంలో వంతెన ఉదాహరణ ఒకటి వుంది. విరిగిపోబోయే వంతెన ఎక్కుతున్న మనిషిని, చెప్పే వ్యవధి లేకపోతే, పట్టుకుని వెనక్కి లాగవచ్చు. అతను ఏట్లో పడాలని కోరుకోవటం లేదు కనక అతని స్వేచ్ఛకు భంగం లేదు. కాని అపాయం ఖాయం కాక, వుండవచ్చు అన్నంతమాత్రమే అయితే, ఎదిగిన మనిషికి సంగతి చెప్పి వదిలెయ్యాలి. దిగటమా మానటమా అన్నది అతనే తేల్చుకుంటాడు.

2003లో ఇంగ్లండులో ప్రభువుల సభ న్యాయమూర్తులు ఇటువంటి వ్యాజ్యాన్నే తేల్చారు. చెషైరులో ఒక పాత ఇసకగని చెరువుగా మారింది. స్థానిక కౌన్సిలు దాన్ని పార్కు చేసింది. ఈత నిషేధమని బోర్డులు పెట్టింది. అయినా జనం దిగేవారు. 1995లో 18 ఏళ్ల యువకుడొకడు లోతులేని చోట తలకిందుగా దూకి, మెడ విరిగి, కాళ్లూ చేతులూ పడిపోయి మిగిలాడు. కౌన్సిలుది బాధ్యత కాదని తీర్పు వచ్చింది. అందులో సారం ఇది: కంటికి కనిపించే అపాయాన్ని ఎదిగినవాడు తెలిసి నెత్తిన వేసుకుంటే, అతని కోసం వేలాది కుటుంబాలు సుఖంగా గడిపే ఒడ్డునంతా మూసెయ్యటం న్యాయం కాదు.

ఈ వాదంలో సత్యం వుంది. నిషేధాలు పెంచుకుంటూపోయే ప్రభుత్వం మనకక్కర్లేదు. ఏరు అందరిదీ. ఈత ఆనందం. ఒక కుర్రవాడు మునిగాడని నదినంతా ముళ్లకంచెతో కట్టెయ్యటం మనమూ ఒప్పం. వేసవి మధ్యాహ్నం పేదవాడి కొడుక్కి ఖర్చులేని సుఖం ఒక్క ఏరే. అదికూడా లాక్కోవటం అభ్యుదయం కాదు.

కాని ఆ తీర్పు కొన్ని షరతులమీద నిలబడింది. అపాయం కంటికి కనిపించాలి. దిగేవాడికి దాన్ని తూచుకునే జ్ఞానం వుండాలి. దిగకుండా వుండటానికి మరో దారి వుండాలి. ఈ మూడూ మన రేవులో వున్నాయా? ఇసకతిన్నె పక్కన తెగిన లోతు కంటికి కనిపించదు. ఈత నేర్పే బడి లేదు. ఆడపిల్లలకయితే నీళ్లలో దిగటమే సిగ్గులేనితనమని నేర్పాం. ఊరికి ఈతకొలను లేనిచోట మరో దారి అన్న మాటే లేదు. షరతులు లేకుండా ఫలితాన్ని మాత్రం అరువు తెచ్చుకోకూడదు. జ్ఞానం ఇవ్వకుండా, దారి చూపకుండా, నీ ఇష్టం నీది అని చెప్పటం స్వేచ్ఛ ఇవ్వటం కాదు, వదిలించుకోవటం.

*

రెండవ జవాబు మొదటిదానికి పూర్తిగా వ్యతిరేకమైనది. మానవత్వం వుంటే చాలునంటుంది. మునిగేవాణ్ని చూసి ఒడ్డునున్నవాడు దూకకపోతే వాడు మనిషి కాడంటుంది.

ఈ ఉదాహరణ చాలా పాతది. చైనా తత్వవేత్త మెన్షియస్ క్రీస్తుకు పూర్వం నాల్గవ శతాబ్దంలోనే చెప్పాడు. నూతిలో పడబోయే పసివాణ్ని చూస్తే ఎవడి గుండె అయినా ఝల్లుమంటుంది, మనిషి స్వభావంలో కరుణ వుందనటానికి అదే రుజువు అన్నాడు. 1972లో పీటర్ సింగర్ అనే తత్వవేత్త అదే మడుగును మళ్లీ మన ముందుకు తెచ్చాడు. లోతులేని మడుగులో పసివాడు మునుగుతుంటే బట్టలు పాడవుతాయని వూరుకుంటామా? వూరుకోం గదా. అయితే దూరదేశంలో ఆకలితో చచ్చేవాళ్ల విషయంలో ఎందుకు వూరుకుంటున్నాం? ఇదీ ఆయన ప్రశ్న.

ప్రశ్న గొప్పదే. కాని ఇద్దరూ పసివాణ్ని తీసుకొచ్చి నీళ్ల పక్కన వదిలారేగాని, ఆ నూతికి వరవ ఎందుకు లేదో, ఆ పసివాడి తల్లి ఆ వేళ ఏ పొలంలో కూలికి వంగివుందో ప్రస్తుతానికి అడగలేదు. బంగ్లాదేశ్‌లో ఆ ప్రశ్న అడిగారు. పల్లెల్లో పసిపిల్లలు ఎక్కువగా మునిగేది తల్లులు పనిలో మునిగివున్న వేళల్లోనే అని గ్రహించి, ఆ వేళల్లో పిల్లల్ని కనిపెట్టుకునే శిశుసంరక్షణ కేంద్రాలు పెట్టారు. మరణాలు తగ్గాయి. మునకలను నివారించటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే చర్యల్లో ఇదీ ఒకటి. చూడండి, నీటిమరణానికి మందు నీళ్లలో దొరకలేదు, ఆడదాని పనిగంటల్లో దొరికింది!

పోనీ ఆ సంగతి వుంచుదాం. కరుణ చాలునన్న మాటలో మరో ఘోరమైన పొరపాటు వుంది. మన ఏళ్లలో ముగ్గురూ నలుగురూ కలిసి పోయిన ఘటనలు గమనించండి. చాలావాటిలో మొదట కాలుజారినవాడు ఒక్కడే. రెండోవాడు వాణ్ని పట్టుకోబోయి పోయాడు, మూడోవాడు రెండోవాడి కోసం పోయాడు. చెయ్యి చెయ్యి పట్టుకుని పోయారు. వాళ్లకు కరుణ లేదనగలమా? వాళ్లకన్నా మానవత్వమున్నవాళ్లెవరు? వాళ్లకు లేనిది విద్య. మునిగేవాడు ప్రాణభయంతో కౌగిలించుకుంటే వచ్చినవాణ్నీ ముంచుతాడనీ, ముందు తాడో, వెదురుగడో, ఖాళీ డబ్బానో, తువ్వాలో అందించాలనీ, చివరికి గాని నీళ్లలోకి దిగకూడదనీ ఎవరూ చెప్పలేదు. సాధనం లేని సద్గుణం తన్నుతానే చంపుకుంటుంది. ఆ కుర్రవాళ్ల మంచితనమే వాళ్ల చావుకు కారణమైందంటే, మంచితనాన్ని ఒంటరిగా వదిలిన సమాజం తలదించుకోవాలి.

మార్క్స్, ఏంగెల్సులు 1845-46లో రాసిన "జర్మన్ భావజాలం" ముందుమాటలో ఒక ధీరుణ్ని ఎగతాళి చేశారు. బరువు అనే భావం తలలో వుండబట్టే మనుషులు నీళ్లలో మునుగుతున్నారని అతను నమ్మాడు. ఆ భావాన్ని మూఢవిశ్వాసమని వదిలేస్తే మునకలుండవని జన్మంతా దానితో పోరాడాడు. ప్రతి మునక తరువాతా "ప్రజల్లో అవగాహన పెరగాలి" అని ఒక్క ముక్క చెప్పి కారెక్కేవారిని చూస్తే ఆ ధీరుడు గుర్తొస్తాడు. అవగాహన పెరగవలసిందే. కాని అవగాహన తేలదు. తేలేది తాడు, పడవ, ఈత వచ్చిన మనిషి.

ఒడ్డున జీతంమీద కూర్చుని నీళ్లవంక చూసే కాపలాదారు, మనం లైఫ్‌గార్డు అనే మనిషి, నీతిశాస్త్రం దృష్టిలో చాలా ముఖ్యమైనవాడు. అతను కరుణను పనిగా మార్చినవాడు. అతను వున్నచోట కాపాడటమన్నది ఎవరి హృదయం ఎంత మెత్తనో అన్నదానిమీద ఆధారపడదు. అతని హృదయం ఆ రోజు ఎలా వున్నా అతని కన్ను నీటిమీద వుంటుంది, ఎందుకంటే అది అతని డ్యూటీ. వ్యక్తిగత దయను సామాజిక ఏర్పాటుగా మార్చటమే నాగరికత అయితే, విశాఖ బీచిలో ఈలవేసే కుర్రవాడు ఎందరో ఉపన్యాసకులకన్నా నాగరికుడు.

*

అందరి నీరు అనే మాటకు మన దేశంలో ఒక చరిత్ర వుంది. ఆ చరిత్రను మరచి నీటి నియమాల గురించి మాట్లాడలేం.

1923లో బొంబాయి శాసనమండలి, ప్రజల డబ్బుతో నడిచే చెరువులూ బావులూ అంటరానివారికీ తెరవాలని తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన పరిధిలోని చౌదార్ చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. తీర్మానం కాగితంమీద వుంది, చెరువు వున్నచోటే వుంది, అంటరానివాడు ఒడ్డుకు రాలేకపోయాడు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలాదిమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగేదాకా మునిసిపల్ నియమానికి ప్రాణం రాలేదు. వచ్చిన వెంటనే ఆ మునిసిపాలిటీ అదే సంవత్సరం ఆగస్టులో తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది! నియమం రాయటమూ, నియమం అమలుకావటమూ ఎంత దూరమో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం లేదు.

2022లో ఏర్పడిన మన జిల్లాకు ఆ అంబేడ్కర్ పేరే పెట్టారు. పెట్టటానికే ఎంత గొడవ జరిగిందో అందరికీ తెలుసు. పేరు బోర్డుమీద వుంది. కాని ఏ రేవు ఎవరిదో ఒకనాడు కులం చెప్పిన వూళ్లలో, పైరేవున ఎవరు మునగాలో, దిగువన ఎవరు మునగాలో శాసించిన వూళ్లలో, నీరు అందరిదీ అన్నమాటకు పూర్తి అర్థం ఇంకా రావలసేవుంది. ప్రవేశించే హక్కు మొదటి మెట్టు. ప్రాణంతో తిరిగివచ్చే హక్కు రెండవది. మెట్లు కట్టి, గట్టుకు రాయి పరిచి, శిలాఫలకం వేసి, కాపలా పెట్టని రేవు మొదటి మెట్టుమీదే ఆగిన రేవు.

అదే 1923లో పారిస్‌లో సీన్ నదిలో ఈతను నిషేధించారు. నూరేళ్లు ఆ నిషేధం నిలిచింది. 2025 జూలైలో అక్కడ మూడుచోట్ల మళ్లీ ప్రజలకు ఈత రేవులు తెరిచారు. ఎలా తెరిచారు? బోర్డు పీకేసి కాదు. నీరు శుభ్రంచేసి, హద్దులు కట్టి, రోజూ నీటిని పరీక్షించి, దిగవచ్చో కూడదో జెండాలు ఎగరేసి, కాపలాదార్లను పెట్టి తెరిచారు. నిషేధానికి విరుగుడు విచ్చలవిడితనం కాదు, ఏర్పాటు. ఈ సంగతి తెలుసుకోవటానికి వారికి నూరేళ్లు పట్టింది. మనకు అంతకాలం అక్కర్లేదు.

*

డబ్బు లేదంటారు. పంచాయతీ తన దగ్గర లేదంటుంది, మునిసిపాలిటీ తన దగ్గర లేదంటుంది. అసలు ఏరు ఎవరిదో తేలదు. నీరు జలవనరుల శాఖది, ఒడ్డు రెవిన్యూది, ఇసక గనుల శాఖది, దారి పంచాయతీది, శవం పోలీసులది. బతికున్న మనిషి ఎవరి శాఖలోకీ రాడు.

డబ్బు లేదన్న సాకును మన సుప్రీంకోర్టు 1980లోనే తోసిపుచ్చింది. రత్లాం మునిసిపాలిటీ కేసులో, మురుగుకాలవలు కట్టటానికి నిధులు లేవన్న వాదనను జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. ప్రజల ప్రాథమిక అవసరం తీర్చే విధిని ఖజానా ఖాళీ అని తప్పించుకోకూడదన్నారు. 1995లో బియాస్ నదిలో 14 మంది బడిపిల్లలు విహారయాత్రలో మునిగిపోతే, 2001లో అదే కోర్టు పిల్లల్ని తీసుకువెళ్లిన బడిదే బాధ్యత అంది. 2014 జూన్ 8న అదే బియాస్ లార్జీ డ్యాం నీళ్లు వదలటంతో హైదరాబాదు నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులను మింగింది. హిమాచల్ హైకోర్టు 2016లో నష్టపరిహారాన్ని విద్యుత్ బోర్డుకూ, కళాశాలకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ పంచింది. అంటే ప్రమాదవశాత్తు అని మూసిన ఫైళ్లను తెరిస్తే లోపల బాధ్యులున్నారని కోర్టులే చెప్పాయి.

కాని కోర్టు కూడా గజ ఈతగాడి వంటిదే. అది వచ్చేది చావు తరువాతే. పరిహారం తల్లిదండ్రులకు న్యాయం కావచ్చు, పిల్లవాడికి కాదు. ఖర్చు మాటే అయితే, చావు తరువాత పెట్టే ఖర్చును చావుకు ముందు పెట్టమనే మనం అడుగుతున్నాం. కొత్త డబ్బు అడగటం లేదు, తేదీ మార్చమంటున్నాం.

చెయ్యగలరా అన్న సందేహమూ అక్కర్లేదు. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగినప్పుడు పన్నెండు రోజులూ ఘాట్లలో ఈతగాళ్లూ, పడవలూ వున్నారు. ఏటేటా మునిగేవాళ్ల కోసం లేనివన్నీ ఆ పన్నెండు రోజులకు వచ్చాయి. మొదటిరోజునే రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో రెండు డజన్లకు మించి భక్తులు చనిపోయారు. వాళ్లు నీళ్లలో పోలేదు, ఒడ్డున పోయారు. నీటిని కాచినవారు జనాన్ని కాయటం మరిచారు. ఈ రెండు సంగతులూ కలిపి చదువుకోవాలి. మొదటిది, తలచుకుంటే ఏర్పాట్లు జరుగుతాయి. రెండవది, ఏర్పాటు ఆర్భాటమైనప్పుడు అది కూడా చంపుతుంది. పన్నెండేళ్లకు, అంటే 2027లో, వచ్చే పుష్కరాల లెక్కలోనూ ఇదే ప్రశ్న వుంది: పన్నెండు రోజులకు చేసినది పన్నెండేళ్లకు ఎందుకు చెయ్యరు? పుణ్యం కోసం మునిగినవాడి ప్రాణం ఎక్కువా, ఒంటి చెమట కడుక్కోవటానికి మునిగినవాడి ప్రాణం తక్కువా?

ఏటి పొడవునా అడుగడుగునా మనిషిని నిలబెట్టమని ఎవరూ అనటం లేదు. జనం దిగే రేవులు ఎవరికి తెలియవు? ప్రతి మండలంలో అవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వేసవి సాయంకాలాలు, కార్తీక ఉషస్సులు, తీర్థాలు, సెలవులు: వేళలూ తెలుసు. ఆ రేవుల్లో ఆ వేళల్లో ఇద్దరు మనుషులు, ఒక పడవ, నాలుగు తాళ్లు, లోతు ఇక్కడిదాకా అని చెప్పే బుంగలు. మిగతాచోట్ల నిజం చెప్పే బోర్డు. బడిలో లెక్కలతోపాటు ఈత, ఆడపిల్లలకూ మగపిల్లలకూ. దిగువకు నీరు వదిలేముందు రేవుదాకా వినపడే సైరను. ఇందులో విప్లవం లేదు. కాని ఈ పాటి కూడా లేని చోట పెద్దమాటలు చెప్పే హక్కు మనకు లేదు.

*

చివరిగా ఆ గజ ఈతగాడి సంగతి. అతన్ని రేవు కాపలాకు పెట్టమనగానే ఒక అపాయం వుంది. అతని విద్యను పొగిడి, శాలువా కప్పి, స్వచ్ఛందసేవ అని పేరుపెట్టి, జీతం ఎగ్గొట్టవచ్చు. లేదా ఏ కాంట్రాక్టరు కిందనో పడేసి, నెలల తరబడి తిప్పి, ఎవరైనా మునిగితే మాత్రం మొదటి ముద్దాయిగా అతన్నే నిలబెట్టవచ్చు. అప్పుడు బోర్డు చేసిన పనే అతనూ చేస్తాడు: పైవాణ్ని కాపాడతాడు. కనక నెలజీతం, శిక్షణ, బీమా, సరయిన సాధనాలు ఇవ్వకుండా బాధ్యత మాత్రం ఇవ్వటం మరో మోసం.

అతని చదువును చదువుగా ఒప్పుకోవటానికి మనబోటివాళ్లకు మనసొప్పదు. నది నడతను తరతరాలుగా ఒంటితో నేర్చినవాడు మనకు నిరక్షరాస్యుడు. అతనివద్ద మన పిల్లలు ఈత నేర్చుకోవాలి. అతను గురువు అని బడి హాజరుపట్టీలో రాయాలి. విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఎక్కువగా చదివే పత్రిక ఇది కనక ఈ పని ఎవరో చెయ్యాలని రాసి వూరుకోవటం సిగ్గుచేటు. ఏ రేవున ఎంత లోతో ఎరిగినవాళ్లతో కూర్చుని పటం గియ్యటానికీ, గ్రామసభలో ఆ పటం పెట్టి ఫలానా రేవుకు ఫలానా శాఖ బాధ్యత వహించాలని రాయించటానికీ ప్రభుత్వ ఉత్తరువు అక్కర్లేదు. మహద్‌లో తీర్మానం అమలు చేసినవారు తీర్మానం రాసినవారు కారు, నడిచివెళ్లినవారు.

వచ్చే వేసవికి మళ్లీ ఏరు సన్నబడుతుంది, ఇసకతిన్నెలు తేలతాయి, కుర్రవాళ్లు దిగుతారు. గజ ఈతగాడు కూడా వస్తాడు. అతను ఏ వేళకు వస్తాడన్నది మాత్రం నది చేతిలో లేదు.